దొర పడవకు మైనం పట్టించిన సుంకప్ప

సుంకప్పకు ఈత రాదు. నీళ్ళు మోకాలు దాటితే ఆయన కాలు ముందుకు పడేది కాదు. అటువంటి మనిషి పద్దెనిమిదేళ్ళుగా సర్కారు పడవకు కాపలా ఉన్నాడంటే కొత్తవాళ్ళు నవ్వేవారు. నవ్వవలసిన పని లేదు. ఆ పద్దెనిమిదేళ్ళలో పడవ కూడా ఒక్కసారీ నీళ్ళలోకి దిగలేదు.

నందికొట్కూరుకు నాలుగు మైళ్ళ అవతల, కర్నూలునుంచి కడపకు పోయే కాలువ మీద ఒక లాకు ఉండేది. లాకు పక్కన రాతిగోడల కొట్టం. అందులో నాలుగు దిమ్మెల మీద టేకు పడవ. తెల్లదొరలు కాలువను చూసుకుంటూ తిరగడానికి ఎప్పుడో తెప్పించుకున్నది. కార్లు వచ్చాక దొరలు గట్టుమీది బాట పట్టారు, పడవ కొట్టం పట్టింది. పడవ ఉంటే దానికొక మనిషి ఉండాలని ఏదో కాగితంలో రాసి ఉండడంవల్ల సుంకప్పను పెట్టారు.

మొదటి ఏడు ఆయన కొట్టం ఊడ్చి, తాళం వేసి, గట్టుమీద కూర్చున్నాడు. రెండో ఏటికి కూర్చుని జీతం తినడం సిగ్గనిపించింది. కర్నూలులో పెద్ద బంగళాల కుర్చీలకు పాలిష్ పట్టే సాయిబు ఒకడు నందికొట్కూరికి పెళ్ళికి వస్తే, రెండు రోజులు వాడి వెంట తిరిగి పని అడిగి తెలుసుకున్నాడు. పెళ్ళి భోజనంలో కూడా అదే అడిగాడట.

అప్పటినుంచి ఏటా దసరా ముందు ఆ పని జరిగేది. ముందు ఉప్పు కాగితంతో పలక వాలునే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడి ఆ గీతలే చివరికి మెరుస్తాయి. తర్వాత అగిసె నూనె పట్టించి మూడు రోజులు ఆరనివ్వాలి. నల్లమలనుంచి చెంచులు తెచ్చే తేనెమైనాన్ని మంట మీద పెట్టకూడదు, నల్లబడుతుంది. నీళ్ళు మరిగే కుండలో ముంత నిలిపి అందులో కరిగించి, పొయ్యికి దూరంగా తెచ్చి టర్పెంటు కలపాలి. చల్లారి వెన్నలా అయినాక, గోటికి అంటేంత తీసుకుని, పాత పంచె గుడ్డతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ పూయాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ మెరుస్తుందనుకునేవాడికి ఈ పని రాదు. పూత మసకబారేదాకా ఓపిక పట్టి కంబళి ముక్కతో తోమాలి. మళ్ళీ పూత, మళ్ళీ తోమడం. మూడు పూతలు పడితే ఏడాది చెక్కు చెదరదు. ఎండ ముదిరితే మైనం జారిపోతుంది కనుక తెల్లవారగానే మొదలుపెట్టి పొద్దు బారెడెక్కేసరికి ఆపేసేవాడు.

ఎండాకాలంలో పలకలు ఎండి, అతుకుల దగ్గర సందులు విడిచేవి. సుంకప్ప వాటిలో మైనం, రంపపు పొట్టు కలిపి కూరి, పైన పాలిష్ పట్టేవాడు. వేలితో తడిమినా సందు తెలిసేది కాదు. ఏటేటా సందులు పెద్దవయ్యాయి, ఆయన పనితనమూ పెరిగింది. పద్దెనిమిదో ఏటికి ఆ పడవలో టేకు పాలెంతో మైనం పాలెంతో చెప్పడం కష్టం.

మెరుపు మాత్రం చెప్పుకోదగ్గది. పెళ్ళి బండ్లు కొట్టం దగ్గర ఆగేవి, పెళ్ళికొడుకు పడవలో చూసుకుని తలపాగ సర్దుకునేవాడు. లాకు తలుపులు ఎత్తి దించే ఏసేపు గడ్డం గీసుకోవడానికి అక్కడికే వచ్చేవాడు.

“చేతులు తడి లేకుండా తుడుచుకోని రారా,” అనేవాడు సుంకప్ప.

“సుంకన్నా, పడవకు నీళ్ళంటే ఇంత పడదని నాకు తెలీదు,” అనేవాడు ఏసేపు.

వాన కురిస్తే సుంకప్ప తన కంబళి తెచ్చి పడవకు కప్పేవాడు. ఆయన భార్య ఈరక్క ఇంట్లో కారే చోటల్లా ముంతలు పెట్టుకునేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఆ కార్తీకంలో, ఓవర్సీరు రామకృష్ణ సైకిలు మీద వచ్చాడు. పత్తికొండ మనిషి. పడవలను పుస్తకాల్లో బొమ్మలుగా చూసినవాడు. సైకిలు గోడకానించి జేబులోంచి కాగితం తీశాడు.

“సుంకప్పా, ఈ పడవెందుకు, దీనికి మనిషెందుకు అని పైనుంచి అడిగినారప్పా.”

“మీరేం రాసినారు సామీ?”

“నేను రాసేదేముంది? వచ్చే శుక్రవారం పెద్ద ఇంజనీరే వస్తాండాడు. ఈన్నుంచి రెండు మైళ్ళు ఈ పడవలోనే పోతాడంట. పనికొస్తే పెట్టుకుంటారు. లేదంటే దీన్ని కట్టెల కింద అమ్మేస్తారు, నిన్ను ఇంటికి పంపిస్తారు.”

సుంకప్ప యాభై దాటిన మనిషి. సేద్యం ఎప్పుడో మరిచిపోయాడు. మైనం పట్టించడం తప్ప ఇంకో పని రాదు, ఆ తాలూకాలో మైనం పట్టించుకునే పడవ ఇంకొకటి లేదు.

“మెరుపు సాలదా సామీ?”

ఓవర్సీరు వంగి పడవలో తన ముఖం చూసుకున్నాడు. క్రాపు సర్దుకున్నాడు. “ఇంగొంచెం తేటగా కనపడాలప్పా,” అన్నాడు.

ఆ సాయంత్రం సంగటి పెడుతూ ఈరక్క అడిగింది. “దాన్ని నీళ్ళలో ఏసి సూసినావా?”

“పడవను నీళ్ళలో ఏసి సూసేదేందే?”

“ఎండకు బండి చక్రం వదులైతే ఏం జేస్తావు?”

“వంకలో నానేస్తా.”

“మరి అదీ కొయ్యే గదా.”

ఆమె చెప్పింది నిజమని ఆయనకు తెలుసు, చిక్కంతా అదే. ఇంకా ఆరు రోజులున్నాయి. నాలుగు రోజులు కాలువలో ముంచి పెడితే పలకలు నీళ్ళు తాగి బిగుస్తాయి. కానీ నానిన మైనం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది, మళ్ళీ నూనె పట్టించి ఆరబెట్టి మూడు పూతలు వేయడానికి వ్యవధి ఉండదు.

“మెరుపు పోతే ఆ దొర పడవెక్కుతాడా?” అన్నాడు.

“తేలకపోతే ఎక్కుతాడా?”

“తేలేది తర్వాత సంగతే. ముందు కంటికి ఆనాల గదా!”

పద్దెనిమిదేళ్ళలో ఎందరో ఆఫీసర్లు కొట్టంలోకి వచ్చారు. అందరూ పడవను చూశారు, భేష్ అన్నారు, పోయారు. అది తేలుతుందా అని ఒక్కడూ అడగలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళకు రాని అనుమానం ఈరక్కకు వస్తే, ఆ అనుమానాన్ని నమ్మడం ఎట్లా? సుంకప్ప ఆ ఆరు రోజులూ మైనమే పట్టించాడు. ఈసారి నాలుగు పూతలు.

శుక్రవారం పొద్దున పన్నెండుమంది పడవను దుంగల మీద దొర్లించి కాలువలోకి దించారు. ఓవర్సీరు పడవ ముక్కుకు చామంతుల దండ వేసి టెంకాయ కొట్టాడు. ఎండలో పడవ మెరుపుకు గట్టుమీద జనం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పెద్ద ఇంజనీరు షామియానా కింద కాఫీ తాగుతున్నాడు. గోదావరి వైపు మనిషి, లావుపాటి కళ్ళద్దాలు. ఆయన వచ్చేదాకా పడవలో ఎవరైనా ఉండాలి కాబట్టి సుంకప్ప ఎక్కి, రెండు అంచులూ పట్టుకుని కూర్చున్నాడు.

ముందు కాళ్ళకింద చల్లగా తగిలింది. తర్వాత సందుల్లోంచి మైనపు కడ్డీలు ఒక్కొక్కటే ఊడి పైకి తేలాయి.

“సుంకన్నా! పడవ కిందికి పోతాండాది!” లాకు మీదినుంచి ఏసేపు కేకేశాడు.

“అరవాకురా! దొర కాఫీ తాగుతాండాడు.”

లేచి నిలబడితే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని సుంకప్ప లేవలేదు. పడవ తొందరపడకుండా, వొరగకుండా, చామంతి దండతో సహా కిందికి పోయింది. చివరి జానెడు కూడా మెరుస్తూనే పోయింది. అడుగు నేలకు తగిలి ఆగేసరికి కూర్చున్న సుంకప్పకు నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి.

పెద్ద ఇంజనీరు కాఫీ గ్లాసుతోనే గట్టు చివరికి వచ్చాడు.

“ఏవయ్యా, ఈ పడవ ఆఖరుసారి నీళ్ళలోకి ఎప్పుడు దిగింది?”

సుంకప్పకు ఇదొక్కటే ధైర్యంగా జవాబు చెప్పగలిగిన ప్రశ్న అనిపించింది. “పద్దెనిమిదేండ్లు దీనికి తడి తగలనియ్యలేదు దొరా!”

ఇంజనీరు నవ్వు ఆపుకోలేక గ్లాసు పక్కవాడి చేతికిచ్చాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఓవర్సీరు కూడా నవ్వాలో వద్దో తెలియక సగం నవ్వాడు.

“లేపకండి, అలాగే ఉండనివ్వండి,” అన్నాడు ఇంజనీరు చివరికి. “మా వైపు పడవ ఎండితే ముంచేస్తారు. కొయ్య ఉబ్బి అతుకులు వాటంతటవే కరుచుకుంటాయి. నాలుగు రోజులు పోయాక నేను కడపనుంచి తిరిగొచ్చేటప్పుడు ఎక్కుతాను. ముందా పెద్దాయన్ని పైకి లాగండి.”

ఆ నాలుగు రోజులూ సుంకప్ప గట్టుమీదే కూర్చున్నాడు. మైనం పొరలు పొరలుగా విడిచి, పాలమీది మీగడలా తేలి, లాకు వైపు కొట్టుకుపోయేది. ఈరక్క రోజూ అన్నం తెచ్చి పెట్టింది. చక్రం మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని సుంకప్ప అనుకున్నాడు, కనీసం ఎవరినో ఒకరిని తిట్టవచ్చు.

అయిదో రోజు నీళ్ళు తోడి లేపితే పడవ కడవలా నిలిచింది. లోపలికి ఒక్క చుక్క రాలేదు. చూడడానికి మాత్రం ఒళ్ళంతా బొల్లి పట్టిన ముసలి బర్రెలా ఉంది. సుంకప్ప దానికి ఎదురుగా నిలబడలేకపోయాడు. పెద్ద ఇంజనీరు జీపు దిగి, దాని పక్కలు రెండుసార్లు తట్టి, “ఇదీ పడవంటే!” అని ఎక్కి కూర్చున్నాడు. ఏసేపు, ఇంకొకడు గట్టుమీదినుంచి తాడు పట్టి లాగారు. సుంకప్ప ముందు కూర్చుని రెండు మైళ్ళూ అంచులు వదలలేదు. ఆ రెండు మైళ్ళలో ఇంజనీరు ఒక్కసారి కూడా పలకల వైపు చూడలేదు, పొలాలు చూశాడు.

నెల రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఓవర్సీరు చదివి చెప్పాడు. “పడవ ఉంటుంది. నిన్ను పర్మనెంటు చేసినారు. కాకుంటే, పడవ మళ్ళీ ఎండగూడదంట. కాలవలో నీళ్ళున్నన్నాళ్ళు కాలవలో, లేనప్పుడు కొట్టంలో పెట్టి లోపల జానెడు నీళ్ళు నిలపాలంట. నెలకొకసారి నేనొచ్చి కొలిచి రాయాల. నూనె, మైనం బిల్లు రద్దు.”

“మెరుపు సంగతి సామీ?”

“అది ఇందులో లేదప్పా.”

సుంకప్ప కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. పర్మనెంటు అంటే చిన్న సంగతి కాదు, చచ్చేదాకా ఇంటికి పొమ్మనేవాడు లేడు. ఇంటికి పోయి ముంతలో మిగిలిన మైనాన్ని ఈరక్కకిచ్చాడు. ఆమె దాన్ని పగిలిన మడమలకు రాసుకుంది.

మాఘం దాటగానే కాలువకు నీళ్ళు ఆపేశారు, పడవ మళ్ళీ కొట్టం చేరింది. చైత్రానికి ఊరి బావులు అడుగంటాయి. ఆడవాళ్ళు కాలువ ఇసుకలో చెలమలు తీసి, దోసిలి ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడి కడవ నింపుకునేవారు. ఆ వరుసలో సుంకప్ప, ఈరక్క కూడా కూర్చునేవారు. తాగడానికి ఒక కడవ, పడవకు పది.

“ఏమ్మా ఈరక్కా, మీ పడవకు దప్పి తీరిందా?” అనేవారు వరుసలోని ఆడవాళ్ళు. మొదట నవ్వుతూ అన్నారు. వైశాఖంలో నవ్వడం మానేశారు.

ఒకరోజు పొద్దున సుంకప్ప కొట్టం తలుపు తీసేసరికి పడవలో నీళ్ళు మూడు వేళ్ళు తగ్గి ఉన్నాయి. మట్టి మీద తడి పాదాలు, చిన్నవీ పెద్దవీ. పాదాల వెంట చూపు పోనిస్తే ఊరి వైపు పోయాయి. రాతి కొట్టంలో ఒక రాత్రి నిలిచిన నీళ్ళు తేటబడి చల్లగా ఉంటాయని అందరికీ తెలిసిపోయింది. తాళంచెవి ఆయన ఇంట్లోనే చూరులో ఉంటుంది.

“ఎవురికిచ్చినావే తాళంచెవి?”

“అడిగినోళ్ళకిచ్చినా,” అంది ఈరక్క.

“ఓవర్సీరు కొలిచినపుడు తక్కువొస్తే నా పనుంటాదా?”

“మాపటికి మోసి పోద్దాం పో. పొద్దున చంటిపిల్లోళ్ళకు కావాల.”

ఆయన తాళంచెవి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. రెండు రోజులు అట్లాగే ఉంది. మూడో రోజు, ఎందుకో, తిరిగి చూరులో పెట్టాడు. ఈరక్కకు చెప్పలేదు. ఆ రోజునుంచి సాయంత్రాలు ఆడవాళ్ళే వంతులు వేసుకుని ఇంటికో కడవ పోసి పోయేవారు, పొద్దున వచ్చి చంటిపిల్లలున్నవాళ్ళు ముంచుకుపోయేవారు.

రోహిణి ఎండల్లో రామకృష్ణ వచ్చాడు. సైకిలు దిగేసరికి ముఖం కమిలిపోయి, నాలుక అంగిటికి అంటుకుని ఉంది. కొలబద్ద తీయబోయి గుమ్మంలోనే కూలబడ్డాడు.

“దూప సుంకప్పా. నీళ్ళు.”

ఇంటికి పోయి తేవడానికి వ్యవధి లేదు. సుంకప్ప చెంబు తీసుకుని పడవలో ముంచి ఇచ్చాడు. ఓవర్సీరు గటగటా తాగాడు. ఇంకో చెంబు అడిగాడు, అదీ తాగాడు. మూతి తుడుచుకుని, కొలబద్ద దించి, “జానెడుకు రెండు వేళ్ళు తక్కువుండాది గదప్పా,” అన్నాడు.

సుంకప్ప చేతిలోని చెంబు వైపు చూశాడు. ఓవర్సీరు కూడా చూశాడు.

తర్వాత బుక్కు తెరిచి, జానెడు అని రాసుకున్నాడు. “శానా చల్లగా ఉండాయప్పా,” అని సైకిలెక్కాడు. ఆయన గట్టు మలుపు తిరిగేదాకా ఖాళీ కడవతో కొట్టం వెనక నిలబడిన ఈరక్క లోపలికి వచ్చి, చీర కుచ్చెళ్ళు ఎత్తి కట్టుకుని, పడవ మీదికి వంగింది.