కనెక్షన్ లేని స్పీకర్

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. బడిలో సైన్సు చెప్పేవాణ్ని. అలాంటి నా ఇంట్లోనే ఇది జరిగింది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

తొంభైల మొదట్లో ఆదిలాబాద్‌లో ఉండేవాళ్లం. నేను, నా భార్య సుజాత, మా అవ్వ. అమ్మను నేను అవ్వ అనే పిలిచేవాణ్ని. అవ్వకు రెండు చెవులూ పోయి ఏడెనిమిదేళ్లయింది. టీవీలో సినిమా వస్తే ముందు కూర్చుని పెదవులు చూసేది. మేం నవ్వితే తనూ నవ్వేది. అది చూడలేకే నాకు పిచ్చి పట్టింది. సినిమా హాల్లో ఉన్నంత సౌండ్ ఇంట్లో పెడితే కొంతైనా వినపడదా అని.

కొత్తది కొనే స్తోమత లేదు. మూతపడిన టూరింగ్ టాకీస్ స్పీకర్లు రెండు పాత సామాన్ల దుకాణంలో దొరికాయి. వడ్రంగి మిగిలిన టేకు ముక్కలతో పెట్టెలు చేశాడు. రేడియో మెకానిక్ ఖాజా విడిభాగాలు తెచ్చి ఆంప్లిఫయర్ బిగించాడు.

ఇక మొదలైంది నా అవస్థ. ఆన్ చేస్తే చాలు, గుయ్యిమని ఒకటే రొద. వైర్లు మార్చాం. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాం. ఒకసారి పొగ కూడా వచ్చింది. ఎలాగో బాగుపడ్డ రోజున సౌండ్ పూర్తిగా పెంచితే పక్కింటివాళ్లు గొడవకు వచ్చారు గానీ అవ్వ తల కూడా తిప్పలేదు. వారం తిరగకముందే మళ్లీ రొద.

ఒక శనివారం ఆంప్లిఫయర్‌ను ఖాజా ముందు పడేశాను.

"జర సబర్ పట్టు సార్" అన్నాడు. ఇంకా ఓపిక పట్టమంటాడేమిటని ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి స్పీకర్ల వైర్లన్నీ ఊడదీసి, చుట్టచుట్టి అలమారలో పెట్టాను. ఈ సంగతి నాకు బాగా గుర్తు.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ ఎడమ స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చుంది. ఏమిటని చేత్తో అడిగాను.

"మీ పెద్దమ్మ పిలుస్తున్నదిరా. ఉట్నూరుకు పోదాం పా."

పెద్దమ్మ అంటే అవ్వకు సొంత అక్క. ఉట్నూరులో ఒక్కతే ఉండేది. ఫోను లేదు. నేను పెట్టె తిప్పి, వెనక వైర్లు లేవని చూపించాను. చెవి పెట్టి విన్నాను కూడా. ఏమీ లేదు.

"నీకు ఇనవడుతలేదా? చెవులు పోయినయా ఏంది?" అని నన్నే కసిరింది.

రాత్రి అన్నం ముట్టలేదు. చెప్పులేసుకుని గడపలో కూర్చుంది. "తీస్కపోరాదుండ్రి, గీమెతోని నేను ఏగలేను" అంది సుజాత. సోమవారం బడికి సెలవు పెట్టి, దారంతా గొణుక్కుంటూ అవ్వను బస్సులో తీసుకెళ్లాను.

పెద్దమ్మ తలుపు లోపల గడియ వేసి ఉంది. ఎంత కొట్టినా పలకలేదు. పక్కింటాయనా నేనూ వెనక గోడ దూకాం. స్నానాల గదిలో కాలు విరిగి పడి ఉంది. పెదవులు పగిలిపోయాయి. నీళ్లు తాగిస్తే కళ్లు తెరిచింది.

"గోడ అవుతల్నే ఉన్నం గదా, జరంత సప్పుడు గూడ రాలే" అని పక్కింటాయన తల పట్టుకున్నాడు.

పెద్దమ్మకు గొంతు పూర్తిగా పోయింది. నోటి దగ్గర చెవి పెడితే గానీ మాట అందలేదు.

"శనివారం పడ్డ. అందర్ని పిలిచిన. ఎవ్వరు పలుకలే. చెల్లె ఒక్కతే పలికింది. వస్తున్న అక్కా అన్నది."

జీపు మాట్లాడి ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది.

అవ్వకు మాత్రం మళ్లీ ఏ శబ్దమూ వినపడలేదు. ఆ రోజు సంగతి పలక మీద రాసి అడిగితే విసుక్కునేది.

"మా అక్క పిలిచింది, ఇన్న. దాంట్ల ఏమున్నదిరా?"

ఏమున్నదో నాకు ఇప్పటికీ తెలియదు.