చెరువు గట్టున కోట్లేసుకున్నవాళ్లు

రాయపూర్ మే నెల ఎండలో, చెరువు గట్టున మనుషుల చేత కోట్లు తొడిగించి నడిపించిన ఘనుణ్ణి నేనే. తప్పు కంప్యూటర్ మీదికి నెట్టేద్దామని చూశాను గానీ, ఎవరూ నమ్మలేదు.

నడిబజారుకీ పాత చెరువుకీ మధ్య పొడుగాటి గోడ ఒకటి ఉండేది. దాన్ని తీసేసి, బజారు నుంచి నీళ్ల దాకా చెట్ల నీడన నడిచి వెళ్లేలా ప్లాను గీసే పని మా ఆఫీసుకొచ్చింది. ఈ పథకానికి పతకం ఖాయమనుకుంటూ గీశాను. జనానికి చూపించే రంగుల బొమ్మలోకి మనుషుల్ని మాత్రం కంప్యూటర్‌లో తయారుగా ఉన్నవాళ్లలోంచి ఏరి అతికించాను.

బజారువాళ్లు ఒప్పుకుంటేనే గోడ తీస్తారు. వాళ్లను పిలిచిన సమావేశంలో తెర మీద బొమ్మ పడగానే ముందు వరసలోంచి మా మేనమామ అందుకున్నాడు. వ్యాగన్ వర్క్‌షాపులో సుత్తుల మోతకు పోటీగా మాట్లాడి రిటైరైన మనిషి; మైకు అక్కర్లేదు.

"ఏరా అల్లుడూ, తెల్లదొరలు మళ్లీ ఎప్పుడు దిగార్రా? ఈ గర్మీలో కోట్లేంట్రా, ఉడికిపోరూ?"

హాలంతా నవ్వింది. గోడవార మిరపకాయ బజ్జీల బండి పెట్టుకునే శ్రీకాకుళం అక్క మాత్రం నవ్వలేదు.

"అది సరేగానీ తమ్ముడూ, ఇందల నా ఠేలా ఏదీ? గోడతోపాటు మేమూ పోవాలేటి?"

అదే మాట హిందీలోనూ ఛత్తీస్‌గఢీలోనూ నలుమూలల నుంచీ వచ్చింది. బొమ్మలోనే కాదు, ప్లానులోనూ వాళ్లకు చోటు గీయలేదు. హంసలకు గీశాను.

మళ్లీ మొదలుపెట్టాను. గోడ ఉన్నచోటే చెట్ల కింద, ఇటు బజారుకీ అటు చెరువుకీ తెరిచి ఉండేలా బళ్ల వరస గీశాను. దొరల్ని పంపేసి, కెమెరా పట్టుకుని బజారుకెళ్లాను.

"ఆగు, కొంగు సర్దుకోనీ," అంది అక్క. "బజ్జీలు కూడా పడాలి."

రెండోసారి బొమ్మ పడగానే అందరూ లేచి తెర దగ్గరకొచ్చి ఎవరిని వాళ్లు వెతుక్కున్నారు. గోడ తీయడానికి ఒప్పుకున్నారు.

మామయ్యను మాత్రం ఫొటోకి అడగలేదు. ఏదో పెళ్లిలో భోజనాల బంతికి పరుగెత్తుతూ ఫొటోలో పడ్డాడాయన. ఆ పరుగును కత్తిరించి చెరువు గట్టు మీద పొద్దుటి వ్యాయామంలా అతికించాను. ఆ బొమ్మే ఇప్పుడు బజారు మొదట్లో పెద్ద బోర్డు. ఆయన బజ్జీలకెళితే అక్క ముందు బోర్డు వైపు చూస్తుంది.

"ఏటి బాబాయ్, ఇయాల పరుగయిందా? ఒక చక్కర్ కొట్టిరా, వేడివి తీసి ఉంచుతాను."

గట్టు చుట్టొచ్చాకే ఆయనకు బజ్జీ. తిట్లన్నీ నాకు, చెమటంతా ఆయనకు.