నీళ్లు తాగే సైలెన్సర్

ముప్పై ఏళ్లు విజయవాడ కాలేజీల్లో పిల్లలకు ఫిజిక్సు చెప్పాను. వేడి ఎటు నుంచి ఎటు పోతుందో బోర్డు మీద బాణాలు గీసి మరీ చూపించాను. అలాంటి నేను, పొగగొట్టాన్ని చల్లబరిచే నీటిదారిని దగ్గరుండి మూయించాను. "గట్టిగా వెల్డింగ్ పెట్టండి" అని రెండుసార్లు చెప్పి మరీ.

రిటైరయ్యాక ఒక పాత యాట్ కొన్నాను. విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన తెరచాప పడవ. లారీ మీద పడుకుని వచ్చి, బ్యారేజీకి ఎగువన, తెలిసిన రైతు పొలం గట్టు పక్కన కృష్ణలో దిగింది. గాలి లేనప్పుడు పనికొచ్చేందుకు దాని కడుపులో చిన్న డీజిల్ ఇంజన్ ఉంది. ఇంజన్ బాగానే ఉంది. చిక్కంతా దాని పొగను బయటికి పంపే దగ్గర. ఇంజన్‌ను అంటుకుని, మోచెయ్యిలా వంగిన పోత ఇనుప ముక్క ఒకటి. అక్కడి నుంచి పడవ వెనక దాకా రబ్బరు గొట్టం. ఆ మోచేతికి పక్కన ఒక బెజ్జం, అందులోకి నది నీళ్లు తెచ్చే సన్న గొట్టం.

మా ఆవిడ అన్నయ్యకు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపుంది. ఆయన వంగి చూసి పకపకా నవ్వాడు.

"సైలెన్సర్లో నీళ్లేంది బావా! మా లారీల్లో అయితే హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ విప్పాలంటారు. ఎవడో తెలివితక్కువోడు తగిలించాడు."

ఆ తెలివితక్కువవాడి కంటే రెండాకులు ఎక్కువ చదివినవాణ్ణి కదా, నేనూ నవ్వాను. ముక్క విప్పించి, బెజ్జం మూయించి, నీళ్ల గొట్టాన్ని పడవ బయటికి తిప్పేశాను. ఇంజన్ వేసిన పది నిమిషాలకు రబ్బరు గొట్టం కరిగింది. పడవంతా పొగ. ఎలాగో ఆపి, ఒక్క దూకు దూకి గట్టెక్కాను. అక్షరాలా గట్టే ఎక్కాను.

"విరగ్గొట్టి పాత సామాన్లకి ఇచ్చేద్దాం బావా, నాకు తెలిసిన మనిషున్నాడు" అన్నాడు బావగారు, చాలా ప్రేమగా.

మా ఆవిడ తీర్పు చెప్పింది: "ఆదివారం ఇంజన్ మీద నన్ను నది మధ్య దాకా తిప్పి ఒడ్డుకు చేర్చండి, ఉంచుకుందాం. లేదంటే అన్నయ్య ఆ మనిషిని పంపిస్తాడు."

"తెరచాపతో అయితే..."

"గాలి మాటలు నాకొద్దు."

నేను నీళ్లు నమిలాను. తాగాల్సిన సైలెన్సరేమో ఎండిపోయి ఉంది.

ఆ ఇనుప ముక్కను సంచిలో వేసుకుని ఆటోనగరంతా తిరిగాను. ఒకరు ట్రాక్టరుదన్నారు. ఒకరు బోరు మోటారుదన్నారు. జనరేటర్‌దని ఒకాయన ఒట్టు కూడా వేశాడు. చివరికి ఒక పెద్ద వయసు లేతు మేస్త్రి మాత్రం దాన్ని వైసులో బిగించి నిలువునా రెండుగా కోశాడు. కోసింది నన్నేమో అనిపించింది.

"తుప్పు చూడండి మాస్టారూ" అన్నాడు. "ఇక్కడంతా నల్లటి మసి. ఇది పొగదారి. ఇక్కడ ఎర్రగా తుప్పు. ఇది నీటిదారి. గొట్టంలో గొట్టం అండీ. ఇంట్లో పాలకుక్కర్ ఉండదూ? లోపల పాలు, చుట్టూ నీళ్లు. అట్టాగే ఇదీను. చివర్లో ఆ నీళ్లు పొగలో కలిసి, దాన్ని చల్లబరిచి, రబ్బరు గొట్టంలోంచి బయటికి పోవాల. ఇంత బాగా అమర్చినదానికి ఈ బెజ్జం ఏ పుణ్యాత్ముడు మూశాడండీ?"

"పాత ఓనరెవరో" అన్నాను.

"వెల్డింగు కొత్తగా మెరుస్తా ఉందే!"

"నేనేనండీ."

"ఒప్పుకున్నారు కాబట్టి తొందరగా చేసిస్తా" అన్నాడాయన.

బెజ్జం మళ్లీ తెరిచినా లాభం లేదు. లోపలి నీటిదారి తుప్పు పట్టి, అగరొత్తి దూరేంత మాత్రమే మిగిలింది. కొత్తది చెయ్యాల్సిందే. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం మీద ఇంకో గొట్టం తొడిగి వెల్డింగ్ పెట్టాలి. నేను కాగితం మీద బొమ్మ గీశాను. నీళ్లు వచ్చే మూతిని పైకి చూపించాను.

"అట్టా పెడితే నీళ్లు వెనక్కి పారి ఇంజనే తాగుద్ది" అని మేస్త్రి ఆ మూతిని కిందికి తిప్పి గీశాడు. "అవునుగానీ, ఈ వంపు నదిలో నీటిమట్టం కన్నా ఎంత ఎత్తుండాలండీ? అది నాకు తెలీదు."

నాకు తెలుసు! ఇల్లు కట్టే మేస్త్రుల దగ్గర నీళ్లు నింపిన పారదర్శక గొట్టం అడిగి తెచ్చి, పడవలో మోకాళ్ల మీద పాకి, బయటి నీటిమట్టాన్ని లోపల సుద్దముక్కతో గీశాను. దానికి జానెడు పైన, నది నీళ్లు వెనక్కి రాకుండా వంపు ఉండాల్సిన చోట, ఇంకో గీత. ముప్పై ఏళ్లు ఊళ్లో వాళ్ల పిల్లలకు మార్కులు తెచ్చిన ఫిజిక్సు మొదటిసారి నాకు పనికొచ్చింది.

శనివారానికి మేస్త్రి కొత్త ముక్క చేసిచ్చాడు; దాన్ని బిగించి, నీళ్ల గొట్టం మళ్లీ తగిలించి, కరిగిన రబ్బరు గొట్టం మార్చాను. ఆదివారం పొద్దున చర్చిలో ఆరాధన కాగానే ముగ్గురం పడవ ఎక్కాం. ఇంజన్ వేశాను. వెనక గొట్టం నుంచి వట్టి పొగ. రెండు క్షణాలు. మూడు. బావగారు జేబులోంచి ఫోన్ తీశాడు, ఆ మనిషికి చేద్దామని కాబోలు. అప్పుడు "ఫుచ్" మంది. పొగతో పాటు గ్లాసెడు నీళ్లు నదిలోకి ఉమ్మింది. మళ్లీ ఫుచ్. మళ్లీ ఫుచ్. పది నిమిషాలయ్యాక రబ్బరు గొట్టం మీద చెయ్యి పెట్టాను. స్నానానికి పెట్టుకున్న వేన్నీళ్లంత వెచ్చగా ఉంది, అంతే. నది మధ్య దాకా వెళ్లి, తిరిగి గట్టుకు చేరాం.

మా ఆవిడ దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "ఉంచుకోండి" అంది. ఏ విద్యార్థీ నాకు ఇంత ఆనందం ఇవ్వలేదు.

"ఇంకో రౌండు వెయ్యి బావా, ఫొటోలు తీసుకుంటా" అన్నాడు బావగారు. వేశాను. నది మధ్యలో ఇంజన్ ఆపి, తెరచాప ఎత్తాను. ఆకు కదలటం లేదు. పడవ కూడా కదలటం లేదు. చర్చిలో ఆ మధ్యాహ్నం ప్రేమవిందు, వడ్డనకు పెద్ద బావగారే. ఆయనకు ఫోన్ మీద ఫోన్.

"ఇంజన్ వెయ్యి బావా!"

"ఏ ఇంజనండీ? ఆ సైలెన్సర్లో నీళ్లున్నదేనా?"

"అబ్బా, బంగారం లాంటి ఇంజన్. ఇక చాలా? వెయ్యి!"

గాలి హోరులో వినబడలేదని, మళ్లీ చెప్పమన్నాను.