మోచేతికి తెలిసిన వేడి

"ఏమే! నేనేమన్నా కోడినా, సలసలా కాగే నీళ్ళు పోసి ఈకలు పీకడానికి?"

లల్లా కెన్జా అరుపుకి ఆవిరిస్నానాల హమ్మాం గుమ్మటమంతా మోగిపోయింది. పాలరాతి మీద బోర్లా పడుకున్న మనిషి ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. భుజం దగ్గర్నించి నడుం దాకా ఎర్రటి చార తేలింది. అంత ఆవిరిలోనూ స్పష్టంగా కనిపిస్తోంది.

ఖాళీ చెంబు పట్టుకుని యామ్నా నిలబడిపోయింది. నీళ్ళు పోసే ముందు కుడిచేతి మూడు వేళ్ళ కొసలు బకెట్లో ముంచి చూసింది. పదమూడేళ్ళ పిల్లప్పటినించీ అలాగే చూస్తోంది. బాగానే ఉన్నాయని వేళ్ళు చెప్పాయి.

నిజానికి వేళ్ళు ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పకపోవడాన్నే బాగుండటం అనుకుంది.

"హమ్మూగాడు ఇవాళ పొయ్యి మరీ ఎగదోశాడు లల్లా. పొరపాటైంది, క్షమించండి."

"వాణ్ణి తీసికెళ్ళి ఆ పొయ్యిలోనే పెట్టండి!" అంది కెన్జా.

గుమ్మం దగ్గర బట్టల మూటలకి కాపలా కూర్చునే బతూల్ పెద్దమ్మ హమ్మాం నడిపే మనిషి. ఆమె వెళ్ళి గోడ కన్నంలోంచి హమ్మూని తిట్టి వచ్చింది. నిన్న వేసినన్ని కట్టెలే ఇవాళా వేశానని వాడు కన్నతల్లి మీద ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు. నమ్మాల్సిన ఒక్క మనిషీ నోరు విప్పలేదు.

మెక్నెస్ పాతబస్తీలో ఆ హమ్మాంకి వచ్చే ఆడవాళ్ళలో సగం మందికి యామ్నా చెయ్యంటే ప్రాణం. గరుకు కీసా తొడుగు చేతికి వేసుకుని, నల్లసబ్బు నానిన వీపు మీద ఆమె చెయ్యి నడిపితే మట్టి పేలికలు పేలికలుగా లేస్తుంది. అలా రుద్దుతూ ఉండగా ఒక్క క్షణంలో తొడుగు కింద గరుకు పోయి నున్నగా జారుతుంది. అక్కడ ఆపాలి. ఇంకొక్కసారి లాగితే తోలు లేస్తుంది, ఒకసారి ముందే ఆపితే మట్టి ఉండిపోతుంది. ఆ క్షణం కంటికి కనిపించేది కాదు, వేళ్ళకే తెలియాలి.

ఆ వేళ్ళకే ఏడాదిన్నరగా ఏదో అవుతోంది. ముందు తిమ్మిరి పట్టేది. తర్వాత నిద్రలో చెయ్యి మండిపోతున్నట్టై లేచి, తడిబట్ట దులిపినట్టు దులుపుకునేది. "ఎవర్నే తరుముతున్నావు, దెయ్యాలనా?" అని పక్కనించి మొగుడు అల్లాల్ గొణిగేవాడు. చేతిలోంచి టీ గ్లాసులు జారిపోవడం మొదలైంది. బొటనవేలి కింద బన్నులా ఉబ్బుగా ఉండే కండ కరిగిపోయి గుంట పడింది. చిటికెన వేలికి మాత్రం ఏమీ కాలేదు. ఎడంచేతికీ ఏమీ కాలేదు. కానీ ఎడంచెయ్యి ముంచి చూసిన నీళ్ళు ఎవరైనా ఒంటి మీద పోయించుకుంటారా?

ఈ సంగతి కనిపెట్టింది ఒక్క తామూయే.

తామూ చనిపోయిన ఆడవాళ్ళకి స్నానం చేయించే ముసలామె. ఒకప్పుడు ఆవిడా ఈ హమ్మాంలోనే వీపులు రుద్దేది. కాన్పులో పోయిన పొరుగింటి పిల్లకి చేయించేవాళ్ళు లేక వెళ్ళి చేయించి వచ్చింది. అంతే, ఆ మర్నాటినించి ఒక్కరూ ఆవిడకి వీపు ఇవ్వలేదు. అది పుణ్యకార్యమని, అంటూ ముట్టూ మతంలో ఎక్కడా లేదని మసీదులో మతం బోధించే ఫఖీహ్ చెప్తూనే ఉంటాడు. ఆడవాళ్ళు తలలూపుతారు. గురువారం తామూ వచ్చి మూలన కూర్చోగానే తమ బకెట్లు ఇవతలికి జరుపుకుంటారు.

ఆ మూలకి వెళ్ళేది యామ్నా ఒక్కతే. అందర్నీ ముగించి, ఆఖర్న తామూ వీపు రుద్దేది. ఆఖర్న కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

కెన్జా వీపు కాలిన రోజున తామూ తల తిప్పకుండానే అంది, "పొయ్యి కాదు కదే తల్లీ."

యామ్నా రుద్దుతూనే ఉంది.

"నా ఎముకలు నీకంటే నాకు బాగా తెలుసు. పోయిన నెల్లో రెండుసార్లు ఒకేచోట లాగావు. చెయ్యి చచ్చింది నీది. నా పక్కకి వచ్చెయ్. మావాళ్ళు వేడన్నా అనరు, చల్లనన్నా అనరు. అంత మర్యాదస్తులు ఎక్కడా దొరకరు."

"నాకు వెచ్చటి వీపులు కావాలి ఖాల్తీ," అంది యామ్నా, పిన్నిని పిలిచినట్టు.

"నాకూ అలాగే ఉండేది," అంది తామూ.

ఆ మాట యామ్నాకి వేడినీళ్ళకంటే గట్టిగా తగిలింది. మూలన కూర్చోవడమంటే ఏమిటో ఏళ్ళ తరబడి దగ్గర్నించి చూసింది ఆమె. ఆ మూలకి తను రాకూడదు. మర్నాడే బతూల్ దగ్గరికెళ్ళి నిజం చెప్పేసింది.

"హమ్మూ చెవులు నేను ఊరికే పిండానా అయితే!" అని బతూల్ నెత్తి కొట్టుకుంది. "వెళ్ళు, చేతికి వైద్యం చేయించుకో. నీ కీసా తగిలించే మేకు నీకే ఉంచుతాను. కానీ తెలియని చేత్తో నా గదిలోకి మాత్రం రాకు."

ఆస్పత్రిలో మోచేతి దగ్గర్నించి వేళ్ళదాకా చిన్నచిన్న కరెంటు దెబ్బలు పంపి చూశారు. డాక్టరు కుర్రవాడు, వాళ్ళ బస్తీ పక్కవాడే.

"మన సందుల్లో బరువేసిన కంచరగాడిద వస్తే గోడకి ఎలా అతుక్కుపోతాం ఖాల్తీ? మీ మణికట్టులోనూ అలాంటి సందొకటి ఉంది. నరం గోడకి అతుక్కుపోయింది. పైకప్పు కోస్తే సందు వెడల్పవుతుంది."

"గాడిద పోతుందిగా, మరి గోడకి నలిగినవాడి సంగతేమిటి నాయనా?"

డాక్టరు నవ్వబోయి ఆగాడు. "నొప్పి పోతుంది. మంటకి నిద్ర లేవరు. స్పర్శ సంగతి నేను మాటివ్వలేను. మీరు చాలా ఆలస్యంగా వచ్చారు. రావచ్చు, ఏడాది పట్టచ్చు. రాకపోవచ్చు కూడా."

ఆమెకి 'రావచ్చు' అన్నదే వినిపించింది.

ఆపరేషన్ మెలకువగా ఉండగానే చేశారు. చేతికి మత్తు ఇచ్చి, మధ్యలో గుడ్డ అడ్డం పెట్టారు. అవతల ఏదో గట్టి తోలు కోస్తున్నట్టు గరగర వినిపించింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆమెకి భయమేసింది.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. కట్టు తడవకూడదు, చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉండాలి, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉండాలి. ఎప్పుడూ తడిసే ఉన్న చెయ్యి మొదటిసారి ఎండింది. తలగుడ్డ కట్టుకోలేదు, పిండి కలపలేదు. అన్నింటికంటే సిగ్గు, తిండి. కుడిచెయ్యి గాల్లో. ఎడంచెయ్యి పళ్ళెంలో పెట్టడానికి ప్రాణం ఒప్పదు.

చెప్పులు కుట్టుకునే అల్లాల్ రొట్టె తుంచి, ముద్దయిపోయిన పప్పులో అద్ది ఆమె నోటి దగ్గర పెట్టేవాడు.

"నోరు తెరువు మహాతల్లీ."

"ఇది పప్పా, నీ చెప్పుల జిగురా?"

"జిగురే. నోరు మూతపడుతుందని."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అల్లాల్ చూడనట్టు ఇంకో ముక్క తుంచాడు.

మంటలు మాత్రం నిజంగానే పోయాయి. తెల్లారేదాకా నిద్రపోతోంది. కుట్లు విప్పాక అరచేయి మొదట్లో గట్టిగా తాడులాంటి మచ్చ మిగిలింది. దానికి ఆలివ్ నూనె రాసి మర్దన చేసుకోమని, వేళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి ఆడించమని నర్సు చెప్పింది.

గోరువెచ్చన. ఆ మాట అందరికీ ఒకటే అనుకుంది నర్సు. యామ్నాకి గోరువెచ్చనంటే హమ్మాంలో మధ్యగది నీళ్ళు. బయటివాళ్ళు అందులో కాలు పెడితే కేకేస్తారు.

అల్లాల్ సూప్ గిన్నెలో నీళ్ళు తెచ్చి పెట్టాడు. మూడు వేళ్ళు ముంచి, "ఇవి బావి నీళ్ళు," అంది. ఇంకాస్త వేడివి పోశాడు. "ఇంకా." పోశాడు. చిన్న గిన్నె, చిటికెన వేలు అంచు మీద బయటే ఉండిపోయింది. కళ్ళు మూసుకుని వేళ్ళు ఆడించింది. ఎక్కడో లోపల వెచ్చదనం తగులుతున్నట్టు అనిపించింది. వస్తోంది, వచ్చేస్తోంది అనుకుంది.

"యామ్నా." అల్లాల్ గొంతు మారింది. "చెయ్యి తియ్యి."

తీసింది. మూడు వేళ్ళ కొసలూ ఎర్రబడి, చూస్తుండగానే ఉబ్బి, ద్రాక్షపళ్ళలా బొబ్బలెక్కాయి. వాటిని తనవి కానట్టు చూసింది. అల్లాల్ గిన్నెలో వేలు పెట్టి, చటుక్కున లాక్కుని, గిన్నె తీసుకెళ్ళి పారబోశాడు.

అప్పట్నించి నీళ్ళు మోచేత్తో చూడటం నేర్చుకుంది. బిడ్డకి లాలపోసే తల్లుల్లా.

బొబ్బలు మాని కొత్త తోలు వచ్చాక హమ్మాంకి వెళ్ళింది. మేకుకి ఆమె కీసా అలాగే వేలాడుతోంది. అందరికంటే ముందు లల్లా కెన్జాయే పిలిచింది.

"రావే, నీ చెయ్యి తగలక నా వీపు గోడై కూర్చుంది. ఈసారి కోడిని చెయ్యకు!"

నీళ్ళు మోచేత్తో చూసింది, ఆవిరిలో ఎవరూ గమనించలేదు. తొడుగు వేసుకుని మొదలుపెట్టింది. భుజాలు, వెన్నుపూస, నడుం. మట్టి లేస్తోంది, కంటికి కనిపిస్తోంది. గరుకు పోయి నున్నన జారే ఆ క్షణం కోసం వేళ్ళు చెవులు రిక్కించాయి. రాలేదు. ఇంకా రాలేదు. కెన్జా సన్నగా పళ్ళ మధ్య గాలి పీల్చింది. యామ్నా ఆగి చూసింది. తొడుగు మీద గులాబీ రంగు.

పోయినసారిలా కెన్జా అరిచి ఉంటే బావుండేది. ఆవిడ నెమ్మదిగా లేచి, చల్లనీళ్ళు పోసుకుని, యామ్నా బుగ్గ నిమిరింది.

"బాగుంది తల్లీ. చాలా బాగుంది. వచ్చే వారం కొత్తగా చేరిన ఆ చిన్నపిల్లతో రుద్దించుకుంటాలే, పాపం నీకెందుకు శ్రమ."

యామ్నా తొడుగు విప్పి, ఆ గులాబీ రంగు పోయేదాకా కడిగింది.

"తొందరపడకు," అంది బతూల్. "ఏడాదన్నాడుగా డాక్టరు. అప్పటిదాకా బట్టల దగ్గర కూర్చో. స్పర్శ వస్తే నీ మేకు నీదే."

చలికాలం అంతా బట్టల మూటల పక్కన కూర్చుంది. వెచ్చటి గదిలోంచి వచ్చే నవ్వులు తలుపు సందులోంచి వినేది. కూర్చుని బొటనవేలితో ఒక్కో వేలి కొసా నొక్కి చూసుకునేది. చలి తగ్గుతుండగా, చూపుడువేలి చివర ఓ రోజు చీమ పాకినట్టు చురుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్ళీ చురుక్కుమంది. అల్లాల్‌కి చెప్తే, "చీమే పాకిందేమో," అన్నాడు గానీ ఆ పూట చెప్పుల మీద మేకులు కొడుతూ కూనిరాగం తీశాడు.

అలాంటి గురువారమే తామూ మేనకోడలు హమ్మాం గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. తామూ తెల్లవారుజామున పోయింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఖననం. స్నానం చేయించేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ అందరికీ చేయించింది ఆవిడే కదా.

తలకి స్నానపు మట్టి పట్టించుకుని కూర్చున్న ఆడవాళ్ళు నేలకేసి చూశారు. "అయ్యో, ఎంత మంచి మనిషి," అంది ఒకామె. "నాకు నడుం నొప్పి గానీ..." అంది ఇంకొకామె.

యామ్నా లేచి నిలబడింది.

బతూల్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఆగు. వేళ్ళకి కాస్త తెలుస్తోందన్నావు మొన్న. ఇప్పుడెళ్తే అది పూర్తిగా వచ్చినా నేను నిన్ను లోపలికి పంపలేను. నాకు లేదు పట్టింపు, వాళ్ళకుంది. తెలుసుగా?"

"తెలుసు."

"మరి?"

"ఆవిడ వీపు నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు పెద్దమ్మా. ఇవాళ కొత్తవాళ్ళ చేతుల్లో ఎలా పెట్టను?"

మేకు మీది కీసా వైపు చూసింది. తీసుకోలేదు.

తామూ ఇంట్లో చెక్కబల్ల మీద, దుప్పటి కింద, ఆవిడ ఇంత చిన్నదా అనిపించింది. మేనకోడలు నీళ్ళు కాచి తెచ్చింది. యామ్నా అంగీ చేతులు పైకి తోసి మోచెయ్యి బకెట్లో పెట్టింది.

"చన్నీళ్ళు కలుపు."

కలిపింది. మళ్ళీ పెట్టింది. "ఇంకొంచెం."

"ఆవిడకి తెలీదు కదా అక్కా," అంది మేనకోడలు ఏడుస్తూ.

"ఆవిడకీ తెలీదు, నా వేళ్ళకీ తెలీదు. ఒకళ్ళకైనా తెలియాలి కదమ్మా."

దుప్పటి కిందే, కుడిపక్క నించి మొదలుపెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచింది. బలం పెట్టలేదు. ఎముకలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆమెకి గుర్తే. వీపు దగ్గరికొచ్చేసరికి కాస్త ఎక్కువసేపు ఉండిపోయింది.

మరుసటి గురువారం స్నానానికని హమ్మాంకి వెళ్ళింది. బతూల్ లేచి కౌగిలించుకుంది, నుదుట ముద్దు పెట్టింది, తర్వాత ఒక ప్లాస్టిక్ సంచి చేతిలో పెట్టింది. లోపల కీసా.

లోపల ఆడవాళ్ళు గట్టిగా పలకరించారు. దేవుడు నీకు మేలు చెయ్యాలన్నారు. లల్లా కెన్జా చెయ్యి ఊపింది. యామ్నా ఎక్కడ కూర్చుందామా అని చూసింది. చూసినవైపల్లా బకెట్లు నెమ్మదిగా, ఎవరూ కావాలని జరపనట్టే జరిగాయి. మూల ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చుంది.

కాళ్ళు రుద్దుకుంది, చేతులు రుద్దుకుంది. వీపు సగమే అందింది. కొత్త బకెట్ నీళ్ళు పట్టి, పాత అలవాటు కొద్దీ మోచేతిని మర్చిపోయి కుడిచేతి మూడు వేళ్ళు ముంచింది.

"అబ్బా!" అని చెయ్యి లాక్కుంది.

వేళ్ళకేసి చూసుకుంది. మళ్ళీ ముంచింది. వేడి. చూపుడువేలికి బాగా, మధ్యవేలికి కొంచెం, బొటనవేలికి లీలగా. వేడి, నిజంగా వేడి.

చెప్దామని తల ఎత్తింది. అవతల చిన్నపిల్ల కెన్జా వీపు రుద్దుతోంది, కెన్జా ఏదో జోకు వేస్తోంది, అందరూ నవ్వుతున్నారు. యామ్నా చన్నీళ్ళ చెంబు తీసి బకెట్లో కలిపింది. వేళ్ళతో చూసుకుంది. సరిపోయాయి.