మీటరు చూపించిన నలభై

మా ఆయనకు పాత జీపంటే పిచ్చి. పెళ్ళయిన కొత్తలో నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా దాని మీదే. హైవే ఎక్కితే ఇంజన్ గోలపెడుతోందని, డీజిల్ తాగేస్తోందని ఆటోనగర్‌లో చక్రాలను తిప్పే యాక్సిల్ గేర్లు మార్పించారు. ఆ తర్వాత బండి చప్పుడు తగ్గి మెత్తగా పోయేది. గేర్లు మార్పించానని చెప్పారు తప్ప, ఇంకేమీ చెప్పలేదు.

ఆ వానాకాలంలో అత్తయ్యను చల్లపల్లి నుంచి గుణదలలోని మా ఇంటికి తీసుకొస్తున్నాను. కాలవ పక్క మలుపు దగ్గర మీటరు చూశాను. నలభై. ఆ వేగంతో ఎన్నోసార్లు తిప్పిన మలుపే. ఈసారి జీపు జారింది. గట్టు మీది రాయిని గుద్దుకుని ఆగింది. అత్తయ్యకు తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రి వరండాలో చుట్టాలందరి ముందూ ఆడపడుచు నిలదీసింది.

"ఎంత స్పీడులో వచ్చావొదినా?"

"నలభై."

"నలభైలో బండి ఇలా అవుద్దా? మా అమ్మను చంపేసేదానివి!"

నేను ఆయన వైపు చూశాను. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "జరిగిందేదో జరిగింది, ఊరుకోవే" అని చెల్లెలిని కసిరారు. నన్ను వెనకేసుకొచ్చారనుకుని ఆ రాత్రి ఆయన మీద ప్రేమతో ఏడ్చాను కూడా.

చాలాకాలం స్టీరింగ్ ముట్టుకోలేదు. అత్తయ్యను చెయ్యి పట్టుకుని బాత్రూమ్‌కు నడిపించిన ప్రతిసారీ ఈ పాపం నాదేననుకునేదాన్ని.

ఒకరోజు ఆయన జీపు నడుపుతుంటే పక్కన కూర్చుని ఫోన్‌లో దారి చూస్తున్నాను. ఫోన్ యాభై చూపిస్తోంది. మీటరు నలభై దగ్గరే ఉంది.

"ఇదేంటండీ, మీటరు తక్కువ చూపిస్తోంది?"

"పాత బండి కదా" అని మాట మార్చేశారు.

మర్నాడు నేనే జీపు తీసుకుని ఆటోనగర్ వెళ్ళాను. గేర్లు మార్చిన మెకానిక్ నా మాట విని ఆశ్చర్యపోయాడు.

"ఆ గేర్లేశాక చక్రాలు ఇదివరకటికన్నా జోరుగా తిరుగుతాయమ్మా. మీటరు కేబులేమో గేర్‌బాక్స్ నుంచి వస్తది, దానికి ఆ తేడా తెలీదు, అందుకే తక్కువ చూపిస్తది. కేబుల్ చివరుండే చిన్న పళ్ళ చక్రం మార్చాలని సార్‌కి అప్పుడే చెప్పా. తర్వాత చూద్దామన్నారు. యాక్సిడెంటయ్యాక రిపేరుకి తెచ్చినప్పుడూ అడిగా. దాన్ని కదపొద్దు, అలాగే ఉండనీ అన్నారు."

ఆ చక్రం అప్పటికప్పుడే మార్పించాను. తిరిగొస్తుంటే దారంతా ఫోనూ మీటరూ ఒకే వేగం చూపించాయి.

ఇంటికి రాగానే అడిగాను. "మీకు తెలుసు కదండీ?"

"నీ మీద కోపమైతే వాళ్ళు నాలుగు రోజులకి మర్చిపోతారు. నా వల్లే అని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు" అన్నారు.

నేను తట్టుకోగలనా అన్నది ఆయనకు తోచనే లేదు.

అత్తయ్యకు అంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "ఆ మెకానిక్ సరిగ్గా చెప్పుండడమ్మా, మా అబ్బాయికేం తెలుసు పాపం. అయినా బండి నడిపింది నువ్వే కదా" అన్నారు.

ఇప్పుడు జీపు నేనే నడుపుతున్నాను. అత్తయ్యను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ నేనే. అంత జరిగాక కూడా బండెక్కడానికి నాకు సిగ్గు లేదని ఆడపడుచు అందరితో అంటోందట. ఆయన ఆ మాట వింటారు, ఏమీ అనరు.