రాసిపెట్టిన పనికి మతితో పనేమిటి

నాకు మతి పోయిందని మా అక్క గోదావరి అవతల ఊరంతా చెప్పింది. అది అన్యాయం. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ రోజుల్లో, అంటే మూడేళ్ళ కిందట, నాకు డెబ్బై దాటాయి గానీ ఫోన్ చేతికొచ్చి ఏడాదైనా నిండలేదు. ఆ లెక్కన పసివాడినే. బడి మొహం నేనెప్పుడూ చూడలేదు. భోపాల్‌పట్నం సంతలో బెల్లం, మిరపకాయలు కట్టిచ్చిన కాగితాలు విప్పి చదువుకుంటూ తెలుగూ హిందీ రెండూ పట్టినవాడిని. అలాంటి మనిషికి కాగితం మీద ఎంత గురి ఉంటుందో చెప్పక్కర్లేదు. చేయాల్సిన ప్రతి పనినీ చీటీ మీద రాసి గోడనున్న తీగకు గుచ్చేవాడిని. ఫోన్‌కు నోటితో చెబితే చాలు, చెప్పిన వేళకు మోగి గుర్తుచేస్తుందని కోడలు నేర్పింది. ఆలోచించాను. ఫోన్ అరుస్తుంది గానీ చార్జింగ్ అయిపోతే పడుకుంటుంది (మా వైపు కరెంటు కూడా దానికి తోడే). కాగితం పడుకోదు గానీ అరవదు. రెండింటినీ ఒక కాడికి కడితే? ఫోన్ మోగి ‘కాగితం చూడు’ అనాలి, సంగతంతా కాగితం చెప్పాలి. ఈ ఏర్పాటును ఇంట్లో అందరికీ వివరించాను. “ఇగ నీకు తలకాయ ఎందుకు?” అంది మా ఆవిడ. మెచ్చుకోలనే అనుకున్నాను.

మా ఇంట్లో ఒక కట్టు ఉంది. పుట్టింటి చెట్టు కాయను తమ్ముడు స్వయంగా తెచ్చిచ్చేదాకా అక్క ఆ ఏటి మామిడికాయ నోట పెట్టదు. ఆమె పెట్టందే ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు, తొక్కు పచ్చడి పెట్టే జాడీ కిందికి దిగదు. ఆ వేసవిలో అక్క ఫోన్ చేసి, “తమ్మీ, సంత తెల్లారి కాయ పట్టుకొని రా” అంది. నేను చింతపండు పిక్కలు తీస్తున్నాను, చేతులనిండా జిగురు. రాసే వీలు లేక మోచేత్తో ఫోన్ నొక్కి, ఆ వారం పేరు చెప్పి, “పొద్దున ఆరింటికి, కాగితం చూడు” అన్నాను. చేతులు కడుక్కున్నాక చీటీ తీశాను. పని అప్పటికే ఫోన్‌లో ఉంది కదా, రెండుసార్లు రాయడం దండగని ‘ఫోన్ చూడు’ అని ముత్యాల్లా రాసి గుచ్చాను. (రాసినదాన్ని మళ్ళీ మనసులోనూ మోయడమంటే రాతను నమ్మకపోవడమే. నేను నమ్మేవాడిని.)

సంత మర్నాడు ఫోన్ మోగింది. కాగితం చూశాను. ఫోన్ చూడమంది. చూశాను. కాగితం చూడమంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

“ఏంది, గోడకూ మంచానికీ కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?” అంది మా ఆవిడ.

“పని చేస్తున్నాను.”

“ఏం పని?”

“అదే చూస్తున్నాను.”

కోడలు వచ్చి రెండూ చదివింది. “మామా, ఈ రెండూ ఒకదాన్నొకటి సాక్ష్యానికి పిలుస్తున్నయ్. అసలు సంగతి ఏడ చెప్పినవ్?” చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

నాలుగో రోజున అక్క ఫోన్. “పక్కిండ్లల్ల తొక్కులు పెట్టుడు అయిపోయింది. మా ఇంట్ల పప్పుల కూడా కాయ ఎయ్యలే. మతి పోయిందారా?” అని పెట్టేసింది. గంటలో కాయలు కోసి, జీపెక్కి తర్లగూడ చేరి, గోదావరి వంతెన దాటితే ఆమె గుమ్మం. అప్పటికి కాయల్లో టెంక ముదిరింది. కత్తి దిగక బావ రెండు చేతులా కొడుతుంటే, అక్క నా వైపు చూడకుండా ముక్కలు ఏరుకుంది. మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది.

ముదిరిన తొక్కుకు కారణం అడిగినవాళ్ళందరికీ నా మతి సంగతి చెప్పిందట. తిట్టు ఓర్చుకుంటాను, అబద్ధం ఓర్చుకోలేను. చీటీనీ నా ఫోన్‌నూ పక్కపక్కన పెట్టించి, కోడలి ఫోన్‌తో ఫొటో తీయించి, రెండు పేజీల ఉత్తరం జతచేసి మేనల్లుడికి పంపాను, చదివి వినిపించమని. లోపం ఏర్పాటుది, మనిషిది కాదని అందులో మూడుచోట్ల గీత గీసి చెప్పాను. రెండు సంతలు దాటినా జవాబు లేదు. ఆ రెండు వారాలూ ఆ ముసలివాడు, అంటే అప్పటి నేను, ఫోన్ వంక చూసిన చూపులు తలుచుకుంటే ఇప్పుడు నాకే ముద్దొస్తాడు. చివరికి అక్క గొంతే వచ్చింది:

“తమ్మీ, నీ ఉత్తరం ఇన్న. నీ మతి మంచిగనే ఉన్నదని ఇంటింటికీ చెప్పిన. తొక్కు ఊరింది, టెంక గట్టిదే గానీ పులుపు మంచిగుంది. నువ్వు తిననిది నాకు ముద్ద దిగుతలేదు. ఎప్పుడొస్తవో ఏడా రాయకు, చెప్పులేసుకొని బయల్దేరు.”