కుదుపు లేని ఆకాశం

మా పెదనాన్న విమానం ఎక్కే ముందు ప్రతిసారీ రన్‌వేతో సహా విమానాశ్రయాన్నే తుడిచిపారేస్తాడు. కంగారుపడకండి, అదంతా కంప్యూటర్లోని ఆట. ఫైల్ సిస్టం మార్చాలంటూ డిస్కు ఫార్మాట్ చేసి, అంటే మొత్తం చెరిపేసి, ఆ విమానం ఆటను మళ్లీ మొదట్నించీ ఎక్కించడం ఆయనకు పళ్లు తోముకోవడంలాంటిది.

ఆయన లిఫ్టు మెకానిక్. జనాన్ని కుదుపు లేకుండా పైకి పంపడమే వృత్తి. కుదుపంటే చాలు, పామును చూసినట్టు చూస్తాడు.

"అసలీ ఫైల్ సిస్టమంటే ఏంటి పెదనాన్నా?" అని అడగడం నా ఖర్మ.

"వంటింట్లో డబ్బాలు సర్దే పద్ధతిరా. విమానం ఎగురుతుంటే కింద కొండలూ, ఇళ్లూ డిస్కులోంచి గబగబా రావాలి. ఎక్కడ ఏముందో దొరక్కపోతే, మీ పెద్దమ్మ పాలు పొంగుతుంటే మూత వెతుక్కున్నట్టే!"

"నా పాలెప్పుడు పొంగాయి?" లోపల్నించి పెద్దమ్మ.

మొదట ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతన్నాడు. తేలికట. కరెంటు పోయి వచ్చేసరికి ఫైళ్లు చెడి, విమానం రెక్కల్లేకుండా నిలబడింది. వెంటనే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ అనే ఇంకో పద్ధతికి మారాడు. "కరెంటు పోయినా దీనికి తెలివి తప్పదు" అన్నాడు. ఆ తర్వాత అందులోని డబ్బాల సైజు మార్చడానికో ఫార్మాట్, మార్చింది నచ్చక ఇంకో ఫార్మాట్.

కంప్యూటర్ షాపతను చేతులు జోడించాడు. "సార్, ఏ పద్ధతైనా పెద్ద తేడా ఉండదండీ. పాత డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి, అది గబగబా పనిచేసే కొత్త రకం డిస్కు."

"తేడా ఉందో లేదో చెప్పడానికి నువ్వెవరయ్యా? చూసే కళ్లు చెప్పాలి!"

ఆ చూసే కళ్లు మా చిన్నత్తవి. పెదనాన్నకు చెల్లెలు. చక్రాల కుర్చీలో కూర్చుని పిల్లలకు లెక్కలు చెబుతుంది. నిరుడు ఒంటరిగా విమానంలో ప్రయాణమైతే, "తోడు లేకుండా ఎక్కించం మేడమ్" అని గేటు దగ్గరే ఆపేశారు. టిక్కెట్టుంది, బుర్రుంది, అడిగే నోరుంది. కాళ్లు నడవవని ఆపారు. ప్రయాణికులు విమానాన్ని తొక్కుకుంటూ వెళ్తారా ఏం? మేమంతా నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని ఆ విమానాల కంపెనీ ఆఫీసు ముందు బైఠాయించాం. పెదనాన్న మాత్రం రాలేదు. "నాకు ఫార్మాటింగ్ ఉంది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

పైగా ఫార్మాట్ అయిన ప్రతిసారీ అత్తనే కూర్చోబెట్టేవాడు. "చిట్టీ, కాస్త నడిపి చెప్పవే." నేల విడిచీ విడవకముందే బొమ్మ ఆగి ఆగి కదిలేది. అత్త తల పట్టుకునేది.

"కళ్లు తిరుగుతున్నాయన్నయ్యా. ఆపెయ్. నాకు ఆకాశం రాసిపెట్టి లేదు."

"రాసిపెట్టి లేకపోతే చెరిపి మళ్లీ రాద్దాం." ఇంకో ఫార్మాట్!

చివరికి పెద్దమ్మ గరిటెతో సహా వచ్చింది. "మీ పిచ్చేదో మీరు పడండి! ఆ పిల్ల ప్రాణం తీస్తారెందుకు?"

"నా పిచ్చేంటే? శుక్లాల కళ్లు నావి. నాకు మొదటి రోజు నుంచీ వెన్నలాగే నడుస్తోంది. కుదుపు కనబడేది దానికే." పెదనాన్న మౌస్ కింద పెట్టాడు. "వాళ్లు గేటు దగ్గర ఆపారు. ఇక్కడ పైలట్ సీటే దానిది. ఈ కుదుపు కూడా దాన్ని కిందే ఆపేస్తే నేనేం మెకానిక్‌నే?"

పెద్దమ్మ గరిటె దించింది. నేనూ నా కోపం దించాను.

చివరికి ఆటకు విడిగా ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు కుదిరింది. అది షాపతను చెప్పిన ఎస్‌ఎస్‌డీయే. అయినా పెదనాన్న ఒప్పుకోడు. అంతా ఫైల్ సిస్టం మహిమేనట!

ఆ సాయంత్రం విమానం లేచింది. ఇళ్లు చిన్నవయ్యాయి, మబ్బులు కిందికి జారాయి. ఒక్క కుదుపు లేదు. అత్త రెప్ప వేయలేదు. కాసేపటికి కంప్యూటర్లోంచి కంట్రోల్ టవర్ గొంతు దిగమంది.

"చిట్టీ, దిగమంటున్నారే."

"వినబడింది. నాకు బుద్ధి పుట్టినప్పుడు దిగుతానని చెప్పు."

"భోజనం చల్లారిపోతోంది!" పెద్దమ్మ కేక.

పెదనాన్న పక్క కుర్చీలో కూర్చుని, దాని చేతులు గట్టిగా పట్టుకుని, గర్వంగా గొంతెత్తాడు. "మూత పెట్టవే! మేం మబ్బుల పైనున్నాం. పైలట్‌గారు ఇప్పట్లో దిగరట!"